నాచుతోటల చరిత్ర

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, శేరిలింగంపల్లి మండలంలో నానక్‌రామ్‌గూడ ఉన్నది. ఒకప్పుడిది పొలాలూ, రాతిగుట్టలూ, రంగనాథస్వామి ఆలయమూ గల చిన్న పల్లె. 1998లో సమీపాన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం రూపు మారసాగినది. 158 కిలోమీటర్ల పొడవుగల బాహ్యవలయ రహదారి ఇప్పుడు ఈ ఊరి ప్రక్కనుండే పోతున్నది. గుట్టలున్న చోట అద్దాల మేడలు లేచినవి. అయినను మేడల సందులలోను, ఖాజాగూడ గుట్టమీదను ఆ పాత రాళ్లు ఇంకను కొన్ని మిగిలి ఉన్నవి.

వేసవిలో ఈ రాళ్లను చూచినవారు వాటిపై ప్రాణమున్నదని నమ్మరు. నల్లని మచ్చలు, ఎండి పెచ్చులు కట్టిన చారలు మాత్రమే కనిపిస్తాయి. జూన్ మాసంలో నాలుగు వానలు పడగానే ఆ నల్లని మచ్చలలో కొన్ని పచ్చగా మారతాయి. రాతి నెర్రెలలో, నీడ ఉన్న వైపున, మఖమలు గుడ్డ పరచినట్లు చిన్న మెత్తని దిండ్లు తేలుతాయి. ఇవే నాచుమొక్కలు. ఎవరూ వీటిని నాటలేదు; ఎవరూ నీరు పోయలేదు.

ఈ పచ్చదనాన్ని తమ ఇంటి తోటలో చూచుకొనవలెనని కోరేవారు ఈనాడు చాలామంది ఉన్నారు. అదే సమయంలో, ప్రహరీ గోడమీద అది తనంతట తాను వస్తే "పాచి పట్టినది" అని బ్లీచింగు పొడి చల్లి గీకివేసేవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. ఒక చోట డబ్బిచ్చి కొనే వస్తువును మరొక చోట మురికి అని పారవేయడం వింతగా లేదా? నాచును మనిషి ఎట్లు తెలుసుకొన్నాడో, తోటలో దానిని ఎట్లు నిలుపుకొన్నాడో, ఆ చరిత్రను పరిశీలిస్తే ఈ చిక్కు విడిపోతుంది.

నాచు అంటే ఏది?

తెలుగులో "నాచు", "పాచి" అనే మాటలను పచ్చగా, తడిగా, జారుడుగా ఉండే ప్రతిదానికీ వాడుతాము. చెరువులో తేలే పచ్చని పోగులు నాచే. మెట్లమీద జారించేది పాచే. రాతిమీది మెత్తని దిండూ నాచే. వృక్షశాస్త్రంలో ఇవి ఒకటి కావు. చెరువులోని పోగులు శైవలాలు. మెట్లమీద జిగటగా ఉండేది కూడా చాలావరకు శైవలాలూ, నీలి ఆకుపచ్చ బాక్టీరియాల సమూహమే. రాతికి రంగు పూసినట్లు బూడిదరంగులోను, పసుపురంగులోను అంటుకొని ఉండేవి లైకెన్లు. ఇవి శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురము చేయుట వలన ఏర్పడినవి. వీటిలో దేనికీ కాండమూ ఆకూ ఉండవు.

నాచుమొక్కకు చిన్నదైనా కాండం ఉన్నది. దాని చుట్టూ ఆకులున్నవి. భూతద్దంతో చూస్తే, బారులు తీరిన చిన్న చెట్ల అడవివలె కనిపిస్తుంది. అయితే ఈ ఆకు చాలావరకు ఒకే కణం మందం. వేర్లు లేవు, మొక్కను రాతికి పట్టి ఉంచే సన్నని మూలతంతువులు మాత్రమే ఉన్నవి. నీటిని పైకి చేరవేసే నిజమైన నాళాలు లేవు. పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. ప్రపంచంలో ఇట్టి మొక్కలు సుమారు 12,000 జాతులున్నవి. మన దేశంలో 1,500కు పైగా ఉన్నవి.

ఈ తికమక తెలుగువారికే పరిమితం కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రాచార్యుడుగా ఉండిన డిల్లేనియస్ 1741లో నాచుల చరిత్ర అనే పెద్ద గ్రంథం ప్రకటించినాడు. బొమ్మలు తానే గీచి, రాగిరేకులమీద తానే చెక్కినాడు. అంతటి శ్రద్ధగల పండితుడు కూడా ఆ గ్రంథంలో నిజమైన నాచులతోబాటు లైకెన్లను, శైవలాలను చేర్చివేసినాడు. ఆ కాలంలోనే జీవించిన లిన్నేయస్, నాచుమొక్క తలమీద నిలిచే గుళికను చూచి, అది పుప్పొడి తిత్తి అనుకొన్నాడు. అందులోని పొడిని పుప్పొడి అనుకొన్నాడు. వీటి వివాహం కంటికి కనబడదు గనుక "రహస్య వివాహం గలవి" అనే అర్థం వచ్చే పేరుతో ఒక వర్గం చేసి, అందులో నాచులను పడవేసినాడు.

వైద్యుని సూక్ష్మదర్శిని

ఈ రహస్యాన్ని ఛేదించినవాడు ఒక వైద్యుడు. ఆయన పేరు యోహాన్ హెడ్విగ్. ఇప్పటి రుమేనియా దేశంలోని బ్రషోవ్ పట్టణంలో 1730లో ఒక జర్మను కుటుంబంలో జన్మించినాడు. జర్మనీలోని కెమ్నిట్స్ పట్టణంలో వైద్యం చేస్తూ, తీరిక వేళల మొక్కలు సేకరించేవాడు. సూక్ష్మదర్శిని క్రింద నాచుమొక్క కొనలను ఓపికతో విప్పి చూచి, అందులో రెండు రకాల అవయవాలున్నవని కనుగొన్నాడు. ఒకటి పురుషబీజాశయం; రెండవది స్త్రీబీజాశయం. లిన్నేయస్ పుప్పొడి అన్నది పుప్పొడి కాదనీ, అది మొలకెత్తి కొత్త మొక్కనిచ్చే సిద్ధబీజమనీ తేలినది. 1799లో ఆయన మరణించిన తరువాత, 1801లో ఆయన వ్రాసిన నాచుజాతుల గ్రంథం వెలువడినది. నేటికీ నాచుమొక్కల శాస్త్రీయనామాలకు ఆ గ్రంథమే ప్రారంభస్థానం. ఇతర మొక్కల పేర్లు లిన్నేయస్ గ్రంథంతో మొదలైతే, నాచుల పేర్లు హెడ్విగ్‌తో మొదలవుతాయి.

మిగిలిన సగం కథను చెప్పినవాడు విశ్వవిద్యాలయంలో చదువుకొననివాడు. విల్‌హెల్మ్ హాఫ్‌మైస్టర్ లైప్‌జిగ్ నగరంలో సంగీత గ్రంథాలు, పుస్తకాలు అమ్మే వ్యాపారి. ఉదయం అంగడి తెరవకముందు సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. 1851లో, 27 సంవత్సరాల వయస్సులో, ఆయన ప్రకటించిన గ్రంథం వృక్షశాస్త్రాన్నే మార్చివేసినది. నాచు జీవితంలో రెండు తరాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయని ఆయన నిరూపించినాడు. మన కంటికి పచ్చగా కనిపించే ఆకుల మొక్క సంయోగబీజదం. దాని తలపై సన్నని కాడతో నిలిచే గుళిక రెండవ తరం, అది సిద్ధబీజదం. ఇది పచ్చని మొక్కమీదనే ఆధారపడి బ్రతుకుతుంది. గుళిక పగిలినప్పుడు గాలికి ఎగిరిన సిద్ధబీజం తడి తగిలిన చోట మొలకెత్తి, ముందుగా పచ్చని నూలుపోగువంటి ప్రథమతంతువును ఇస్తుంది. దానినుండి మొగ్గలు వచ్చి ఆకుల మొక్కలవుతాయి.

తోటమాలికి ఈ కథలో పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది. నాచుయొక్క పురుషబీజకణాలకు రెండు తోకలుంటాయి. అవి ఈదుతూ స్త్రీబీజాశయాన్ని చేరుకొనవలెను. ఈదడానికి నీరు కావలె. ఆ నీరు చెరువంత ఉండనక్కరలేదు. ఆకులపై పలుచని పొరవలె నిలిచిన వానచుక్క చాలును. కాబట్టి తడి నిలవని చోట నాచుకు సంతానం కలుగదు. అయితే మరొక దారి కూడా ఉన్నది. నాచుమొక్క ముక్క ఏది తెగిపడినా, చివరకు ఒక ఆకు తునక అయినా, తడి నేలపై ప్రథమతంతువును పుట్టించగలదు. తోటలలో నాచును తునకలుగా చేసి చల్లే పద్ధతికి ఆధారం ఇదే.

మన దేశంలో ఈ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో లాహోరులో ఆచార్యుడుగా పనిచేసిన శివరామ్ కశ్యప్ ముఖ్యుడు. నాచులకు దగ్గరి చుట్టాలైన లివర్‌వర్టులపై, అనగా కాలేయం ఆకారంలో పరుచుకొనే చిన్న మొక్కలపై, ఆయన వ్రాసిన గ్రంథం 1929లోను, 1932లోను రెండు భాగాలుగా వెలువడినది. తరువాత కలకత్తాలో గంగూలీ తూర్పుభారతదేశపు నాచులను వర్ణిస్తూ 1969 నుండి 1980 వరకు సంపుటాలు ప్రకటించినాడు.

పాడుపడిన తోట ప్రసిద్ధికెక్కినది

ఐరోపా పండితులు నాచును సూక్ష్మదర్శినిలో వెదకుతున్న రోజులలో, జపాను దేశంలో అది ఒక తోటను ఆక్రమిస్తూ ఉండినది. క్యోటో నగరంలో సైహోజి అనే బౌద్ధాలయం ఉన్నది. 1339లో ముసో సొసెకి అనే జెన్ గురువు ఆ ఆలయాన్ని, తోటను పునరుద్ధరించినాడు. ఆయన వేసినది నాచుతోట కాదు. పదునైదవ శతాబ్దిలో జరిగిన అంతర్యుద్ధంలో ఆలయం కాలిపోయినది. తరువాతి శతాబ్దులలో వరదలు వచ్చినవి. బాగుచేయించడానికి ధనం లేక తోట పాడుపడినది. చెట్లు పెరిగి నీడ కమ్మినవి. చెరువు చుట్టూ గాలిలో తేమ నిలిచినది. నేలను ఎవరూ త్రవ్వలేదు. ఆ అవకాశాన్ని నాచు వినియోగించుకొన్నది. కాలక్రమాన తోట అంతా పచ్చని తివాచీ అయినది.

నేడు ఆ తోటలో సుమారు 120 రకాల నాచులున్నవని చెప్పుదురు. దానిని "నాచు ఆలయం" అనే అర్థంలో కోకెదేరా అని జపానువారు పిలుస్తారు. చూడవచ్చేవారి రద్దీ ఎక్కువై నాచుకు హాని కలుగుతూ ఉండగా, 1977 నుండి ముందుగా అనుమతి కోరినవారిని మాత్రమే లోనికి రానిస్తున్నారు. 1994లో క్యోటోలోని ఇతర ప్రాచీన కట్టడాలతోబాటు అది ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరినది.

ఈ కథ విని, తోటను పాడుపెడితే చాలును, నాచు వస్తుందని అనుకొనరాదు. నాచు వచ్చినది పాడుపడినందువలనే. నిలిచినది మాత్రం మనుషుల శ్రద్ధవలన. రాలిన ఆకులు నాచుపై పేరుకొంటే వెలుతురు అందక అది చస్తుంది. అందుచేత అక్కడి మాలీలు మెత్తని చీపుళ్లతో ఆకులను ఊడ్చివేస్తారు. మధ్యలో లేచిన గడ్డిని చేతితో పెరికివేస్తారు. అంటే వారు చేసే పని నాటడం కాదు, అడ్డు తొలగించడం. క్యోటోలో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది సంవత్సరం పొడుగునా పంచుకొని పడుతుంది. హైదరాబాదులో పడేది సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం నాలుగైదు నెలలలోనే పడిపోతుంది. ఈ తేడాను మరచి క్యోటో తోటను ఇక్కడ దింపబోతే ఏమగునో ఊహించవచ్చును.

వార్డు గోడ, వార్డు సీసా

పరిస్థితులు కుదరని చోట నాచును పెంచబోయి ఓడిపోయినవారిలో అందరికంటె గొప్పవాడు లండను వైద్యుడు నథానియల్ వార్డు. తన ఇంటి వెనుక పాతగోడమీద నాచులను, ఫెర్నులను పెంచవలెనని ఆయన ముచ్చటపడినాడు. రాళ్లు పేర్చి, రంధ్రాలు గల గొట్టంతో వాటిపై నీరు కారేటట్లు ఏర్పాటు చేసినాడు. నీరు సమృద్ధిగా ఉన్నప్పటికీ మొక్కలన్నీ చచ్చిపోయినవి. కారణం నీరు కాదు, గాలి. చుట్టుప్రక్కల కర్మాగారాలు వదిలిన బొగ్గు పొగ వాటిని చంపివేసినది.

1829లో ఆయన ఒక సీతాకోకచిలుక జాతి పురుగు గూడును గమనించడానికై, దానిని తడిమన్నుతో సీసాలో పెట్టి మూత బిగించినాడు. కొన్నాళ్లకు ఆ మన్నులో ఒక ఫెర్నూ, ఒక గడ్డిమొక్కా మొలిచినవి. పగటి వేడికి మన్నులోని నీరు ఆవిరై అద్దానికి తగిలి, చల్లబడి మరల మన్నులోనికి దిగుచున్నది. పొగ లోనికి రాలేదు. తేమ బయటికి పోలేదు. గోడమీద చచ్చిన జాతి సీసాలో బ్రతికినది. ఈ సూత్రంతో ఆయన చేసిన అద్దపు పెట్టెలు ఓడలలో మొక్కలను ఖండాంతరాలకు చేర్చినవి. 1848 – 1851 మధ్య రాబర్ట్ ఫార్చ్యూన్ చైనానుండి తేయాకు మొక్కలను హిమాలయ ప్రాంతాలకు చేర్చినది ఇట్టి పెట్టెలలోనే. నేడు బల్లమీద అలంకారంగా పెట్టుకొనే నాచు సీసాలు వార్డు పెట్టెకు మనుమలు.

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఇంగ్లండులోను, అమెరికాలోను నాచు పెంచడం ఒక వ్యసనమైనది. తోటలో ఉత్తరం వైపు తెరిచిన చెక్కపలకల పందిరి వేసి, సందులలో నాచు కూరి, రోజూ నీరు చల్లేవారు. ఇందుకై కొండలనుండి, అడవులనుండి నాచును చాపలవలె ఒలిచి తెచ్చేవారు. తెచ్చినదానిలో చాలా భాగం కొత్త చోట నిలువదు. నాచు సంవత్సరానికి పెరిగేది సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లే. ఒక్క పూటలో ఒలిచిన చాప తిరిగి ఏర్పడడానికి ఏండ్లు పూండ్లు కావలె. వార్డు నేర్పిన పాఠాన్ని ఈ వ్యసనపరులు సగమే నేర్చుకొన్నారు. తేమను ఇచ్చినారు, నాచు తనకు తగిన చోటునే ఎంచుకొంటుందనే సంగతి మరచినారు.

పొగకు చచ్చే మొక్క పొగను కొలవగలదని స్వీడను శాస్త్రజ్ఞులు రూలింగ్, టైలర్ గ్రహించినారు. నాచుకు వేర్లు లేవు గనుక తన ఆహారంలో అధికభాగాన్ని గాలిలోని ధూళినుండి, వాననుండి తీసుకొంటుంది. గాలిలో సీసం ఉంటే అదీ ఆకులలో చేరుతుంది. వారు 1860 నుండి భద్రపరచిన నాచు నమూనాలను పరీక్షించి, సీసం ఏయే కాలాల పెరిగినదో 1968లో ప్రకటించినారు. బొగ్గు వాడకం హెచ్చినప్పుడు ఒకసారి, సీసం కలిపిన పెట్రోలు వచ్చిన తరువాత మరొకసారి అది పెరిగినది. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయినది. రహదారి ప్రక్క రాతిమీది నాచు ఆ రహదారి గాలికి జమాఖర్చు పుస్తకం వంటిది.

ఎండి బ్రతికే విద్య

నానక్‌రామ్‌గూడ రాతిమీద మే నెల ఎండను నాచు ఎట్లు తట్టుకొంటున్నది? సాధారణ మొక్క తన శరీరంలో నీటిని దాచుకొని ఎండతో పోరాడుతుంది. నాచు పోరాడదు. దాని ఆకుకు నీటిని ఆపే మైనపు పూత ఇంచుమించు లేదు. గాలి ఎండితే అదీ ఎండిపోతుంది; జీవక్రియలన్నీ నిలిపివేస్తుంది. కణాలలోని చక్కెరలు, కొన్ని మాంసకృత్తులు కణపటలాలను చెడిపోకుండ కాపాడుతాయి. వాన తగలగానే ఆకు నిమిషాలలో విచ్చుకొంటుంది. పాడైన భాగాలను బాగుచేసుకొని కిరణజన్య సంయోగక్రియను మరల మొదలుపెడుతుంది.

ఈ శక్తికి హద్దులెక్కడున్నవో ఇటీవలి పరిశోధనలు చూపుతున్నవి. అంటార్కిటికా సమీపంలోని సిగ్నీ ద్వీపంలో మంచుక్రింద 1,500 సంవత్సరాలకు పైగా గడ్డకట్టి ఉండిన నాచు, ప్రయోగశాలలో వెలుతురూ వెచ్చదనమూ ఇవ్వగా తిరిగి చిగిర్చినదని 2014లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఎడారులలో పెరిగే సింట్రికియా అనే నాచు తన నీటిలో 98 శాతానికి పైగా పోగొట్టుకొని కూడా, తడి తగిలిన కొద్ది సెకండ్లలో పచ్చబడుతుందని 2024లో చైనా శాస్త్రజ్ఞులు తెలిపినారు.

మన ప్రాంతపు గోడలపైన, రాళ్లపైన సాధారణంగా కనిపించే హయోఫిలా ఇన్వొల్యూటా ఇట్టి విద్య నేర్చినదే. ఇన్వొల్యూటా అనగా లోపలికి చుట్టుకొన్నది అని అర్థం. ఎండినప్పుడు దాని ఆకుల అంచులు లోపలికి ముడుచుకొంటాయి. తడిసినప్పుడు నక్షత్రంవలె విప్పారుతాయి. ఇంటి ముంగిట సిమెంటు నేల సందులలో వెండి ఛాయతో మెరిసే బ్రయమ్ అర్జెంటియం మరొకటి. పాఠ్యపుస్తకాలలోని ఫ్యునేరియా మంట పెట్టిన నేలపైన, తడిగోడలపైన వస్తుంది.

ఈ చిన్నమొక్కలకూ రాతికీ ఉన్న సంబంధం చాలా పాతది. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. భూమిపై మొదటి మొక్కలు నాచులవంటివేననీ, అవి సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రిందట నేలపైకి వచ్చినవనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ మొక్కలు రాతిని ఏమి చేసినవో తెలుసుకొనడానికి 2012లో ఇంగ్లండు పరిశోధకులు గ్రానైటు, ఆండిసైటు రాళ్లపై నాచును పెంచి చూచినారు. నాచు ఉన్న రాళ్లు, లేనివాటికంటె ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటి ఖనిజాలను కోల్పోయినవి. ఇట్లు రాయి శిథిలమగునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి ఖర్చవుతుంది. ఆనాడు భూమి చల్లబడడానికి ఇది ఒక కారణం కావచ్చునని వారు సూచించినారు. గుట్ట నెర్రెలో నాచు పట్టిన చోట ధూళి నిలిచి, పిడికెడు మట్టి అయి, అందులో ఒక గడ్డిపరక లేవడం నేడు కూడ చూడవచ్చును.

మన తోటలో నాచు

ఇంత చరిత్ర చదివిన తరువాత, హైదరాబాదులో నాచు పెంచగోరేవారు ఏమి చేయవలెను? మొదట, బయటినుండి తేవడం మాని, తమ ఆవరణలో అది ఎక్కడ తానుగా వచ్చుచున్నదో వానకాలంలో గుర్తించవలెను. సామాన్యంగా అది ఉత్తరపు గోడ అడుగు, చెట్టునీడ పడే బండ, వాననీరు కారే చూరు క్రింది చోటు అయి ఉంటుంది. అక్కడ గీకడం, త్రవ్వడం ఆపవలెను. రాలిన ఆకులను మెత్తగా ఊడ్చి, గడ్డిని పెరికివేస్తే చాలును. పొడిగా ఉన్న నాచును తొక్కితే పొడి అవుతుంది గనుక నడకదారిని ప్రక్కకు మళ్లించవలెను.

నాచును మజ్జిగతో కలిపి నూరి గోడకు పూస్తే తివాచీ వస్తుందని ఇంగ్లీషు తోటపుస్తకాలు చెప్పే చిట్కా ఒకటి ప్రచారంలో ఉన్నది. పులుపు నేలను కోరే నాచులకు అది సాయపడునని ఊహ. మన గోడలమీద తరచుగా వచ్చే హయోఫిలా సున్నం ఉన్న చోట కూడా హాయిగా పెరుగుతుంది; దానికి మజ్జిగతో పని లేదు. మజ్జిగ వలన చాలా చోట్ల నాచుకంటె ముందు బూజు వస్తుంది. ఎండిన నాచును చేతితో నలిపి, తడిపిన రాతిపై జూన్, జూలై మాసాలలో చల్లి, గాలికి ఎగిరిపోకుండ నొక్కి ఉంచడం అంతకంటె మేలు.

నీటి సంగతి కూడా ఉన్నది. బోరుబావి నీరు మన ప్రాంతాన తరచుగా కఠినజలం. నాచు ఆకులమీద ఆ నీరు ఎండినప్పుడు లవణాలు తెల్లని పూతగా మిగిలి హాని చేస్తాయి. నిలువచేసిన వాననీరు శ్రేష్ఠం. వేసవిలో అసలు నీరు పోయకుండుటే మంచిది. ఎండలో కొద్దిగా తడిపి విడిచిపెడితే నాచు మేలుకొని, పాడైనదానిని బాగుచేసుకొనేలోగా మరల ఎండిపోతుంది. ఇట్లు అనేకసార్లు జరిగితే దాని నిలువ శక్తి ఖర్చయిపోతుంది. ఎండిన నాచు చచ్చినదని భ్రమపడి నీరు పోసేవారు, నిద్రపోతున్నవానిని అర్ధరాత్రి లేపి అన్నం పెట్టకుండ పంపివేసినట్లు చేస్తున్నారు.

నాచును అన్ని చోట్లా ఉండనీయవలెనని కాదు. మెట్లమీద, స్నానపు గదిలో జారుడు ప్రమాదకరం. మిద్దె కప్పుమీద, పాత సున్నపు గచ్చుమీద తేమను పట్టి ఉంచి హాని చేయవచ్చును. అక్కడ తీసివేయడమే న్యాయం. బండరాతిపైన, తోట అంచు గోడపైన అది ఎవరికీ కీడు చేయదు.

గుట్ట పోతే?

ఉత్తరాఖండంలో నైనీతాలు సమీపాన ఖుర్పాతాల్ వద్ద అటవీశాఖ పరిశోధన విభాగంవారు 2020 నవంబరులో ఒక నాచుతోటను ప్రారంభించినారు. సుమారు 30 జాతులను అక్కడ సంరక్షిస్తున్నారు. హిమాలయపు చల్లదనమూ, వానలూ దానికి అండ. హైదరాబాదుకు అట్టి తోట తగదు. హైదరాబాదుకు తగిన నాచుతోట ఇదివరకే ఉన్నది. అది ఏడాదిలో నాలుగు నెలలు పచ్చగా, ఎనిమిది నెలలు నల్లగా ఉంటుంది. దాని పేరు రాతిగుట్ట.

ఆ తోటకు వచ్చిన ఆపద వేసవి కాదు. పునాది కోసం మందు పెట్టి పేల్చిన బండ తిరిగి రాదు. కొత్త మేడ గోడమీద కొన్నేండ్లకు బ్రయమ్ రావచ్చును, హయోఫిలా రావచ్చును. కాని గుట్టలోని నెర్రె, నీడ, వాలు, నీరు జారే దారి, వీటిని పట్టుకొని ఒక్కొక్క చోట ఒక్కొక్కటి నిలిచిన జాతుల కూర్పు ఆ గోడకు రాదు. ఏ గుట్టమీద ఏ నాచు ఉండినదో వ్రాసిపెట్టకముందే గుట్ట పోతే, అది ఉండినదని చెప్పేవారు కూడా ఉండరు. ఈ రాళ్లను కాపాడవలెనని 1996లో హైదరాబాదులో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ ఏర్పడినది. రాతి అందాన్ని, వయస్సును గురించి ఆ సంస్థ ప్రజలకు తెలియజెప్పుతూ వచ్చినది. రాతిమీది ప్రాణాన్ని లెక్కించే పని పాఠశాలలు చేయవచ్చును.

అందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, కొలబద్ద, నోటుపుస్తకం చాలును. మే నెలలో పాఠశాల గోడమీది నల్లని మచ్చ ఒకదాని చుట్టూ సుద్దతో గీత గీసి, దాని పొడవు వెడల్పులు వ్రాసికొనవలెను. చిటికెడు నమూనాను కాగితపు పొట్లంలో ఉంచి, తరగతిలో దానిపై ఒక చుక్క వాననీరు వేసి, ఆకులు ఎన్ని నిమిషాలలో విప్పారినవో చూడవలెను. వానకాలంలో గుళికలు ఎప్పుడు లేచినవో గుర్తించవలెను. మరుసటి మే నెలలో తిరిగి కొలవవలెను. ఆ సంవత్సరం పొడుగునా ఆ ఒక్క మచ్చను ఎవరూ గీకకుండ చూచుకొంటే, హెడ్విగ్ చూచిన వింతలో కొంత భాగం ఆ విద్యార్థులకూ దక్కుతుంది. గుట్టమీది నల్లని మచ్చను చూచినప్పుడు అది మురికి కాదని చెప్పగలవారు ఊరికి నలుగురైనా మిగులుతారు.